ఆ గుండుకు పేరుందా?

జనవరి 19 నరేంద్ర లూథర్ గారి వర్ధంతి. ఆ నెల సంచికలో ఎవరికో రాసిన జవాబు చివర ఆయన గురించి నాలుగు వాక్యాలు రాశాను. హైదరాబాద్ గుట్టల్ని, గుండ్లని కాపాడమని ఏళ్ల తరబడి అడిగిన పెద్దమనిషి అని. ఆ నాలుగు వాక్యాలకు వచ్చినన్ని ఉత్తరాలు ఈ శీర్షికకు ఎప్పుడూ రాలేదు. అందుకని ఈ నెల పరీక్షల టెన్షన్ గురించి, పింఛను కాగితాల గురించి వచ్చిన ప్రశ్నలన్నీ పక్కన పెట్టాను. వాళ్లంతా నన్ను మన్నించాలి. రాళ్ల మీద వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: టీచర్ గారూ, లూథర్ గారు పంజాబీ అని చదివాను. మన రాళ్ల మీద ఆయనకంత ప్రేమ ఎలా పుట్టింది? పెద్ద ఆఫీసరు కాబట్టి ఆయన మాట చెల్లింది కానీ, మామూలు మనిషి చెబితే ఎవరైనా వింటారా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఆయన పుట్టింది 1932లో, పంజాబ్‌లోని హోషియార్‌పూర్‌లో. దేశం రెండు ముక్కలైననాటికి 15 ఏళ్ల పిల్లాడు. 1955లో ఐఏఎస్‌కు ఎంపికై ఆంధ్రకు వచ్చారు. పెద్ద పెద్ద పదవులు చేసి 1991లో రిటైరయ్యారు. 2021లో, 88 ఏళ్ల వయసులో హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. మన దగ్గర పనిచేసి, రిటైరయ్యాక సొంత రాష్ట్రానికి వెళ్లిపోయే ఆఫీసర్లను చాలామందిని చూశాం. ఆయన వెళ్లలేదు. ఈ ఊరి చరిత్ర తవ్వి పుస్తకాలు రాశారు. ఉర్దూలో హాస్యం రాశారు. జిందా దిలాన్-ఎ-హైదరాబాద్ అనే హాస్య రచయితల సంఘానికి అధ్యక్షుడిగా ఉన్నారు. పుట్టిన ఊరు మనం ఎంచుకునేది కాదు, ఉండే ఊరు మాత్రం ఆయన ఎంచుకున్నారు.

ఆయనతో నాకు ముఖాముఖి పరిచయం లేదు. పుస్తకాలు చదివాను, పత్రికల్లో ఆయన ఇంటి ఫోటో చూశాను. ఆ ఫోటోనే నా మనసులో నిలిచిపోయింది. బంజారాహిల్స్‌లో ఆయన కొన్న స్థలంలో పెద్ద రాయి ఉంది. ఎవరైనా ఏం చేస్తారు? మనిషిని పిలిచి కొట్టించి, చదును చేయించి, ముగ్గు పోస్తారు. ఆయన ఆ రాయిని ఉన్నచోటే ఉంచి, దాని చుట్టూ ఇల్లు కట్టుకున్నారు. ముందు గదిలో సోఫాల పక్కన రాయి! గోడ రాయికి ఆనుకుని ఆగుతుంది తప్ప దాన్ని తొలుచుకుని పోదు. ఈ పని ఆయన కన్నా ముందు గోల్కొండ కట్టినవాళ్లు చేశారు. కోట గోడలు చూడండి, దారిలో ఎదురైన గుండును పగలగొట్టకుండా గోడలో కలిపేసుకుంటూ పోయారు. ఇక్కడి రాయితో ఎలా బతకాలో తెలిసినవాళ్ల పద్ధతి అది. పంజాబ్ నుంచి వచ్చిన మనిషి ఆ పద్ధతి పట్టుకున్నాడు. ఇక్కడే పుట్టిన మనం వదిలేశాం.

ఇక మీ రెండో మాట. ఆయన పదవి ఉపయోగపడలేదని నేను అనను. ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు ఉంటారు, ఉత్తరం రాస్తే చదివేవాళ్లు ఉంటారు. కానీ రాళ్ల కోసం ఆయన పనిచేసింది ఎక్కువగా పదవి దిగిపోయాకే. 1990ల మధ్యలో కొంతమంది కలిసి సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంఘం పెట్టారు. కళాకారులు, ఫోటోగ్రాఫర్లు, ప్రకృతి మీద ప్రేమ ఉన్న మామూలు మనుషులు. దానికి ఆయన చాలాకాలం అధ్యక్షుడిగా ఉన్నారు. వాళ్లు చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ధర్నా కాదు, కోర్టు కేసు కాదు. రాక్ వాక్. సెలవురోజు పొద్దున్నే పిల్లల్ని, పెద్దల్ని గుట్టల దగ్గరికి తీసుకెళ్లి నడిపించడం. మంచినీళ్ల సీసా, టోపీ, కాళ్లకు బూట్లు ఉంటే చాలు. దానికి ఐఏఎస్ అవసరం లేదు కదా.

రెండో పని జాబితా రాయడం. హుడా, అంటే అప్పటి హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ, నిబంధనల్లో 13వ నిబంధన కింద పాత కట్టడాలకు రక్షణ ఇచ్చే జాబితా ఒకటి ఉండేది. కట్టడాలతో పాటు 9 చోట్ల ఉన్న రాళ్లు కూడా అందులోకి ఎక్కాయి. మనుషులు కట్టనిదాన్ని కూడా వారసత్వం అని సర్కారు కాగితం మీద ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు. శిల్పారామంలోని బేర్స్ నోస్, అంటే ఎలుగుబంటి ముక్కు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని మష్రూమ్ రాక్, అంటే పుట్టగొడుగు రాయి. దుర్గం చెరువు చుట్టూ ఉన్న గుట్టలు. మౌలాలి దగ్గరి సెంటినెల్ రాక్, అంటే కావలివాడు. పేర్లు చూశారా? పేరుంటేనే కదా దేన్నైనా జాబితాలో రాయగలిగేది. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివరి ఉత్తరంలో మళ్లీ అవసరమవుతుంది.

ప్రశ్న: అమ్మమ్మా, నేను 8వ తరగతి. మా స్కూల్ బస్సు ఖాజాగూడ మీదుగా వెళ్తుంది. అక్కడ రాయి మీద రాయి ఎవరు పెట్టారు? ఎందుకు పడిపోవు?
— ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: ఎవరూ పెట్టలేదు నాన్నా. అవన్నీ ఒకప్పుడు ఒకే బండ. భూమి లోపల, చాలా లోతులో, కరిగిన రాయి నెమ్మదిగా చల్లారి గట్టిపడింది. అదే గ్రానైట్. దాదాపు 250 కోట్ల ఏళ్ల కిందటి మాట. హిమాలయాలు లేవడం మొదలై 5 కోట్ల ఏళ్లే అయింది. అంటే నీ బస్సు కిటికీలోంచి కనిపించే ఆ గుండు ముందు హిమాలయం పసిబిడ్డ!

చల్లారిన బండలో నిలువుగా, అడ్డంగా పగుళ్లు వచ్చాయి. అమ్మ బర్ఫీని కత్తితో గీసినట్టు. ఆ పగుళ్లలోకి నీళ్లు దిగాయి. నీళ్లు రాయిని కొద్దికొద్దిగా తినేస్తాయి. ఇంట్లో పటికబెల్లం ముక్క ఉంటే నోట్లో వేసుకుని కొంచెంసేపు ఆగి తీసి చూడు. మూలలు ముందు అరిగి ముక్క గుండ్రంగా అవుతుంది. గుండ్లూ అంతే. ఉల్లిపాయలా పొరలు పొరలుగా కూడా ఊడతాయి. మెత్తబడ్డ మట్టి వానలకు కొట్టుకుపోయాక గట్టి రాళ్లు మిగిలాయి, పైనది పైనే, కిందది కిందే. ఎక్కడినుంచో వచ్చి ఎక్కి కూర్చోలేదు కాబట్టి వాటి బరువు వాటికి కుదిరిపోయింది. కింద తవ్వితే మాత్రం పడతాయి.

ఖాజాగూడలో ఆగి చూడమని నాన్నగారికి చెప్పు. పొద్దున్న 7 గంటలలోపు వెళ్లండి, ఎండెక్కితే బండ కాలుతుంది.

ప్రశ్న: మేడమ్, మాది వడ్డెర కుటుంబం. మా నాన్న ముప్పై ఏళ్లు రాళ్లు కొట్టి నన్ను డిగ్రీ చదివించాడు. పెద్దిళ్లల్లో ఉండేవాళ్లు రాళ్లు అందంగా ఉన్నాయి, కొట్టొద్దు అంటారు. వాళ్ల ఇళ్ల పునాదుల్లో ఉన్నది మేం కొట్టిన రాయి కాదా? మీరు కూడా అదే మాట రాస్తే మాకు బాధనిపించింది.
— ఒక పాఠకుడు, మేడ్చల్

జవాబు: తమ్ముడూ, ఈ ఉత్తరం మూడుసార్లు చదివాను. నీ బాధ న్యాయమైనది.

మీ నాన్నగారి లాంటి చేతులు లేకపోతే ఈ నేల మీద ఏదీ నిలబడేది కాదు. ఓరుగల్లు కోట, గోల్కొండ, 1939లో తెరిచిన ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ, అంతా రాతిపనివాళ్ల చెమటే. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చున్నప్పుడల్లా ఆ రాయి నునుపు చూసి, దీన్ని చెక్కినవాళ్ల పేర్లు ఎక్కడా లేవే అనిపించేది నాకు. కట్టించినవాళ్ల పేర్లు చెక్కారు, కొట్టినవాళ్లవి చెక్కలేదు. అది తప్పు. ఇప్పటికీ దిద్దలేదు.

రాళ్లు అసలు కొట్టొద్దని నేను అనడం లేదు. ఊరికి దూరంగా, లీజు తీసుకుని, సర్కారుకు సీనరేజి రుసుము కట్టి, హద్దు పెట్టుకుని కొట్టే క్వారీ వేరు. ఇళ్ల మధ్య మిగిలిన ఒక్క గుట్టను వారం రోజుల్లో పేల్చి చదును చేయడం వేరు. సుత్తె, ఉలి పట్టుకున్న మనిషికి రాయి వాలు తెలుస్తుంది, ఎక్కడ తడితే ఎక్కడ విచ్చుకుంటుందో వేలికి తెలుస్తుంది. ఆ విద్య మీ నాన్నగారిది. కంప్రెసరు, జిలెటిన్ వచ్చాక ఆ విద్యకు పని లేకుండా పోయింది. గుట్ట పేలితే వచ్చే లాభంలో కూలికి దక్కేది ఎంతో నీకు నాకన్నా బాగా తెలుసు. మిగిలేది ఊపిరితిత్తుల్లో చేరే రాతిదుమ్ము. సిలికోసిస్ అంటారు ఆ జబ్బును. నాన్నగారికి దగ్గు, ఆయాసం ఉంటే ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించు. ఎన్నేళ్లు రాతిపని చేశారో డాక్టరుకు తప్పకుండా చెప్పు. చెప్పకపోతే మామూలు దగ్గు అనుకునే ప్రమాదం ఉంది.

ఇంకో మాట. రాక్ వాక్‌లలో భూగర్భ శాస్త్రం తెలిసినవాళ్లు మాట్లాడతారు, ఫోటోలు తీసేవాళ్లు మాట్లాడతారు. మీ నాన్నగారు వచ్చి రాయి ఎలా విచ్చుకుంటుందో చెబితే వినాలని నాకుంది. నిజంగానే అడుగుతున్నాను.

ప్రశ్న: అమ్మా, మా కాలనీలో పార్కు కోసం వదిలిన స్థలంలో పెద్ద గుండు ఉంది. పిల్లలు దాని మీద జారతారు. ఆషాఢంలో పక్కనున్న పోచమ్మకు బోనాలు తీస్తాం. ఇప్పుడు పక్క ప్లాటు బిల్డరు, మా సంఘంలో కొందరు కలిసి దాన్ని తీసేసి పార్కింగ్ వేద్దామంటున్నారు. వద్దన్నది నేనూ ఇంకో ఇద్దరు ఆడవాళ్లం. లూథర్ గారి లాంటివాళ్లు ఉంటే అడిగేవాళ్లం. ముగ్గురం ఏం చేయగలం?
— ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: అమ్మాయ్, ముందు నా సంగతి చెబుతాను.

నేను భువనగిరి పిల్లను. ఇంట్లోంచి ఎటు చూసినా ఆ ఏకశిల కొండే. మాకు అది కోట కాదు, చరిత్ర పాఠం కాదు, వాన ఎటు నుంచి వస్తుందో చెప్పే గుర్తు. పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చాను. 1994లో కూకట్‌పల్లి అవతల మేం ఇల్లు కట్టుకున్నప్పుడు మా వెనక వీధిలో ఒక గుండు ఉండేది. నడుం వంగిన ముసలమ్మలా ఉండేది. పిల్లలంతా అవ్వ గుండు అనేవాళ్లు. దాని ఒడి లాంటి చోట వానకాలంలో చిన్న దొన కట్టేది, అందులో తోకకప్పలు. ఒకవైపు వాలు నున్నగా అరిగిపోయి ఉండేది, పిల్లల నిక్కర్ల పుణ్యం. మనం పార్కుల్లో ఇనుపదాన్ని కూడా జారుడుబండ అనే అంటాం కదా. అసలు జారుడుబండ మా పిల్లలకు అదే. వేసవిలో నేను వడియాలు దాని మీదే పెట్టేదాన్ని. మధ్యాహ్నానికి ఎండిపోయేవి.

2006లో ఆ స్థలం ఎవరో కొన్నారు. పదకొండు రోజుల్లో అవ్వ గుండు లేదు. రోజుకు రెండుసార్లు పేలుడు. మా వంటింటి కిటికీ అద్దం పగిలింది. నాలుగోరోజున అర్జీ రాసుకుని ఒక ఆఫీసుకు వెళ్లాను. అక్కడి ఉద్యోగి మర్యాదగానే మాట్లాడాడు. కూర్చోమని, “ఏ గుండు అమ్మా? ఏ లిస్టులో ఉంది? పేరుందా?” అని అడిగాడు. నా అర్జీలో “మా ఇంటి వెనక ఉన్న పెద్ద రాయి” అని రాసి ఉంది. పిల్లలు పిలిచే పేరు ఆఫీసు కాగితం మీద రాస్తే నవ్వుతారనుకుని రాయలేదు. పన్నెండేళ్లు దాని పక్కన బతికాను, సాంఘికశాస్త్రం టీచర్‌ని, ఒక్క ఫోటో తీయలేదు, కొలత పెట్టలేదు. సర్వే నంబరు కూడా తెలియదు. ఆ కుర్చీలో కూర్చుని పడ్డ బాధ ఇప్పటికీ పోలేదు.

అందుకే లూథర్ గారి గురించి, ఆ సంఘం గురించి చదివినప్పుడు నాకు కళ్లకు కట్టింది ఈ పేర్ల సంగతే. వాళ్లు గుండ్ల దగ్గరికి వెళ్లారు, పేరుతో సహా వాటిని జాబితాకు ఎక్కించారు. నాకున్న చిన్న అసంతృప్తి కూడా చెబుతాను. జాబితాలోని పేర్లు ఎక్కువగా ఇంగ్లీషువి. అంతకుముందే ఆ రాళ్లకు గొర్లు కాసేవాళ్లు, పొలం పోయేవాళ్లు ఏదో ఒక పేరు పెట్టుకుని ఉంటారు. మన ఊళ్లనే చూడండి. గుట్టల బేగంపేట, గుండ్లపోచంపల్లి. గుట్ట, గుండు ఊరి పేర్లలోనే ఉన్నాయి.

ఇప్పుడు మీ ముగ్గురి పని. జాబితాలో ఉంటే చాలు, ఇక భయం లేదు అనుకోవద్దు. 13వ నిబంధనను 2015లో ప్రభుత్వం తీసేసింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. కాగితాలు మారుతుంటాయి. 2019 సెప్టెంబరులో ఇర్రం మంజిల్ అనే పాత ప్యాలెస్‌ను కూల్చాలన్న నిర్ణయాన్ని హైకోర్టు కొట్టేసింది. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కొట్టడాన్ని సుప్రీంకోర్టు ఆపింది. ముందు గొంతెత్తింది యూనివర్సిటీ పిల్లలు. ఇలాంటి చోట కోర్టుకు చూపించడానికి ఫోటోలు, పత్రాలు ముందే చేతిలో ఉండాలి.

మీ బలం ఏమిటంటే ఆ స్థలం పార్కు కోసం వదిలినది. మంజూరైన లేఔట్ కాపీ కావాలని సమాచార హక్కు కింద మున్సిపల్ ఆఫీసులో దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. అందులో పార్కు అని ఉంటే దాన్ని పార్కింగ్ చేయడానికి మీ సంఘం తీర్మానం ఒక్కటే సరిపోదు. ఆ కాపీ జతచేసి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో అర్జీ ఇవ్వండి, రసీదు తీసుకోండి. పార్కు స్థలాల ఆక్రమణలు చూడడానికి 2024లో వచ్చిన హైడ్రాకూ ఒక కాపీ పంపండి. రాయి కొట్టి తరలించాలంటే గనుల శాఖ అనుమతి, పేల్చాలంటే పేలుడు పదార్థాల లైసెన్సు కావాలి. డ్రిల్లింగ్ మిషను వచ్చిందంటే వీడియో తీసి వెంటనే 100కు ఫోన్ చేయండి. నాలాగా నాలుగోరోజు దాకా ఆగకండి.

పార్కింగ్ కావాలంటున్నవాళ్లతో పోట్లాట పెట్టుకోవద్దు. వాళ్లూ మీ వీధివాళ్లే. బండ్లు పెట్టుకోవడానికి చోటు లేకపోవడం నిజమైన ఇబ్బందే. వాళ్లతో కూర్చుని వేరే చోటు వెతకండి. గుండు కింద పగుళ్లలోంచి వాననీళ్లు భూమిలోకి దిగుతాయని, సిమెంటు పోస్తే ఆ నీళ్లు సెల్లార్‌లోకి వచ్చే ప్రమాదం ఉందని చెప్పండి. సెల్లార్ మాట వింటారు.

ఆదివారం పొద్దున్నే కాలనీ పిల్లలందర్నీ గుండు దగ్గర పోగుచెయ్యండి. ఇడ్లీ, చట్నీ పెట్టండి, పెద్దవాళ్లు వాటికోసమైనా వస్తారు. టేపు పెట్టి ఎత్తు, చుట్టుకొలత కొలవమనండి. నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయండి, మనుషులు కూడా పడేలా. పోచమ్మ ముందు బోనాల పాత ఫోటోలు ఎవరింట్లో ఉంటే వాళ్లను తెమ్మనండి. తేదీ ఉన్న ఫోటోలు మరీ మంచివి. అర్జీలో “పెద్ద రాయి” అని మాత్రం రాయొద్దు.

మీ పిల్లలు ఆ గుండును ఏమని పిలుస్తారో మీ ఉత్తరంలో లేదు. అడిగి నాకు రాయండి.